దారిలో పోయిన ఐదు డిగ్రీలు

ఐదు డిగ్రీలు మాయమయ్యాయి.

ఇంటి వెనక గోడ పక్కనున్న బయటి గాలిలోంచి వేడి లాగే హీట్ పంపు పెట్టె నుంచి నీళ్లు ముప్పై ఎనిమిది డిగ్రీల వేడితో బయల్దేరుతున్నాయి. ముందుగదిని వెచ్చబరిచే రేడియేటరు దగ్గరికి చేరేసరికి ముప్పై మూడే ఉంటున్నాయి. మధ్యలో ఉన్నది పద్దెనిమిది మీటర్ల దూరం. ఆ కాస్త దారిలో ఐదు డిగ్రీలు ఎటు పోతున్నాయో కనిపెట్టడానికి మాకున్న గడువు పదిహేను రోజులు. నాకు ఎనిమిదో నెల నిండింది. నా బిడ్డ ఆ ముందుగదిలోనే పుట్టాలి.

మంత్రసాని వీప్కె ఇల్లు చూడటానికి వచ్చింది జనవరి ఐదున. చేతిసంచీ కుర్చీలో పెట్టి, తన సొంత థర్మామీటరు తీసి కిటికీ గట్టు మీద ఉంచింది. మెట్లు చూసింది. తలుపు వెడల్పు కొలిచింది. మంచం మీద కూర్చుని లేచింది. కాఫీ తాగి, బిస్కెట్టు తిని, అప్పుడు థర్మామీటరు చూసింది.

"మంచం ఎత్తు పెంచండి. నా నడుము నాకు ఇంకా చాలా ఏళ్లు కావాలి. అది చిన్న పనే. కానీ గదిలో పదిహేడుంది, ఆన్కె."

"ఇవాళ తూర్పుగాలి కదా, చలి ఎక్కువ," అన్నాను.

"బిడ్డ గాలివాటం చూసుకుని రాదు. నాకు ఇరవై ఒకటి కావాలి. అదీ ఓ గంటసేపు కాదు, రోజంతా. ఇరవయ్యో తారీఖున మళ్లీ వస్తా. అప్పటికీ ఇలాగే ఉంటే పట్నం ఆసుపత్రికి రాసేస్తాను. నా మీద కోపం పెట్టుకోకు."

కోపం ఎందుకు? ఆమె మాట న్యాయమైనదే. కానీ ఆ ఆసుపత్రి నాకు తెలుసు. మూడో అంతస్తు నడవాలో నేల మీద ఆకుపచ్చ గీత ఉంటుంది. దాని వెంటే నడుచుకుంటూ వెళ్లమంటారు. రెండేళ్ల కిందట ఆ గీత వెంట లోపలికి నిండుగా వెళ్లి, మర్నాడు అదే గీత వెంట ఖాళీగా బయటికి వచ్చాను. తప్పు ఎవరిదీ కాదు. అయినా ఆ గీత మీద మళ్లీ అడుగు పెట్టనని నాకు నేను చెప్పుకున్నాను.

ఆ మాట నా భర్త హార్మ్‌కి తెలుసు. మా అత్త ఫెన్నాకి నేను ఎప్పుడూ చెప్పలేదు. వీప్కె కారు గేటు దాటాక ఫెన్నా నా ముఖం వంక ఒక్కసారి చూసి, కప్పులు తీస్తూ, "పదిహేను రోజులంటే చాలా టైముంది," అంది. ఆమెకీ తెలుసన్నమాట.

మాది పొడుగాటి పాత ఇల్లు. ముందువాటాలో నేనూ హార్మ్, వెనకవాటాలో ఫెన్నా, మా మామ రూల్ఫ్. హార్మ్ సముద్రంలో గాలిమరల పని చేస్తాడు. రెండు వారాలు అక్కడ, రెండు వారాలు ఇక్కడ. ఇల్లు వెచ్చబరచడానికి గ్యాసు తీసేసి హీట్ పంపు పెట్టిద్దామన్నది నేను. హార్మ్ సరేనన్నాడు. ఫెన్నా సరేనంది. రూల్ఫ్ ఏమీ అనలేదు. ఆయన ముప్పై ఒక్క ఏళ్లు గ్యాసు గొట్టాలు వెల్డింగు చేసిన మనిషి. ఈ చుట్టుపక్కల నేలలో ఉన్న గొట్టాల అతుకుల్లో సగం ఆయన చేతివే. అక్టోబరులో మా ఇంటి గ్యాసు మీటరు విప్పి తీసుకుపోతుంటే పెరట్లో నిలబడి, టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

అప్పట్నుంచి రోజూ ఒక చురక.

"గ్యాసున్న రోజుల్లో నీళ్లు డెబ్బై డిగ్రీల మీద వచ్చేవి. గోడలకి కూడా చెమట పట్టేది," అన్నాడు వీప్కె వచ్చి వెళ్లిన మధ్యాహ్నం బఠానీ సూపులో రొట్టె ముంచుకుంటూ. "నీ పెట్టె పాలు గోరువెచ్చ చేసుకోవడానికి బాగుంటుంది."

"నీ డెబ్బై డిగ్రీలకి నా కిటికీలో మూడు మొక్కలు మాడి చచ్చాయి," అంది ఫెన్నా. "సూపు తాగు."

మొదట పంపు వేడి పెంచి చూశాం. అది పగలూ రాత్రీ తిరిగి కరెంటు మింగింది గానీ, ముందుగది ఒక్క డిగ్రీయే కదిలింది. కరెంటు హీటరు తెచ్చి పెట్టాం. ఫెన్నా ఓవెన్ వెలిగించిన మరుక్షణం ఇంటి ఫ్యూజు కొట్టేసింది. కేకు సగం ఉడికి ఆగిపోయింది. రూల్ఫ్ ఆ కేకు చెంచాతో తిన్నాడు. చాలా బాగుందన్నాడు.

ఫెన్నాకి అరవై మూడేళ్లు. పొట్టి మనిషి, చిన్న చేతులు. రేవులో తెరచాపలు కుట్టే దుకాణంలో నలభై ఏళ్లు పనిచేసింది. ప్రపంచంలో ఏ సమస్యనైనా ఆమె గుడ్డ చూసినట్టే చూస్తుంది.

"తెరచాప ఎక్కడ చిరిగిందో తెలియకపోతే రెండు చివరలూ పట్టుకుని మధ్యకి రావాలి," అంది మర్నాడు పొద్దున. మాంసం ఉడికిందో లేదో చూసే థర్మామీటరు తెచ్చి, వెనకగదిలో గొట్టానికి ఆనించి, పైన ఉన్ని దారం చుట్టింది. పావుగంట ఆగి చూసింది. అదే పని ముందుగదిలో చేసింది. రెండు అంకెలూ కాగితం మీద రాసి నాకు చూపించింది.

ముప్పై ఎనిమిది. ముప్పై మూడు.

"ఎవరో దారిలో తీసుకుంటున్నారు," అంది.

దారి నేల కింద ఉంది. ఇంటి కింద మోకాలెత్తు ఖాళీ, అందులో బురద, చీకటి, గొట్టాలు. ఆ విషయం అందరికీ తెలుసు. తెలియనిది ఆ దారిలో ఏముందన్నది. దాని ఆచూకీ చెప్పింది పిల్లి.

మా హాల్లో వీధి తలుపు ముందర కాళ్లు తుడుచుకునే పట్టా ఉంటుంది. ఇల్లంతటిలో చలిగాలి కొట్టే చోటు అదే. ఆ చలికాలమంతా మా పిల్లి రోజంతా ఆ పట్టా మీదే పడుకుంది. ఆ రోజు కాఫీకి వెనక్కి వెళ్తూ ఫెన్నా దానికి తట్టుకుని పడబోయింది. తిట్టబోయి ఆగింది. చెప్పు విడిచి, పాదం పట్టా మీద పెట్టింది. అలాగే నిలబడిపోయింది.

"ఇది పిచ్చిపిల్లి కాదు," అంది. "ఇక్కడ వెచ్చగా ఉంది."

ఆ పట్టా కిందే, ఇంటి కిందికి దిగే నేలతలుపు ఉంది. వెనకవాటా గుమ్మంలో రూల్ఫ్ కప్పులో చెంచా తిప్పుతూ నిలబడి ఉన్నాడు. చెంచా చప్పుడు ఆగింది. నేను అప్పుడు అది పట్టించుకోలేదు.

"కింద బురదగా ఉంటుంది. నువ్వు దిగకు," అన్నాడు రూల్ఫ్. "ఆ గొట్టాలు నేను వేసినవి. వాటికేం లోటు లేదు."

"లోటుందని ఎవరన్నారు?" అంది ఫెన్నా. "చూసొస్తాను, అంతే."

పాత వానకోటు తొడుక్కుని, నుదుటికి దీపం కట్టుకుని, నేలతలుపులోంచి కిందికి జారింది. నేను పీట తెచ్చుకుని పైన కూర్చున్నాను. కొంతసేపు ఆమె పాకుతున్న చప్పుడు మాత్రమే వినిపించింది. తరవాత గొంతు, బావిలోంచి వచ్చినట్టు.

"ఆన్కె, నీ డిగ్రీలు దొరికాయి. గొట్టాల మీద నూలుపోగు లేదు. ఇక్కడ ఎంత హాయిగా ఉందంటే నీ మంచం ఇక్కడే వేసుకోవచ్చు."

నవ్వాను. ఆమె కూడా నవ్వింది. ఆ తరవాత పాకే చప్పుడు ఆగింది.

"ఏమైంది?"

"వీటికి ఒకప్పుడు తొడుగు ఉండేది," అంది నెమ్మదిగా. "కట్టిన తీగలు ఇంకా వేలాడుతున్నాయి. ఎవరో కత్తితో నిలువునా కోసి తీసేశారు. ఒకటే గీత. గొట్టానికి గీరు కూడా పడలేదు. చెయ్యి చాలా స్థిరంగా ఉన్న మనిషి."

మా ఇంట్లో అంత స్థిరమైన చెయ్యి ఒక్కరిదే.

పైకి వచ్చేసరికి ఆమె మోకాళ్ల దాకా బురద. చేతిలో ఒక డేలియా దుంప. నేలతలుపు కింద రూల్ఫ్ తన డేలియా దుంపల్ని చలికాలం దాచుకుంటాడని మా అందరికీ తెలుసు. ఎనిమిది బీరు పెట్టెల్లో, పాత పేపర్లు చుట్టి. డేలియాలంటే ఆయనకి ప్రాణం. వాటిలో ముదురు ఎరుపుది ఒకటుంది. పువ్వు భోజనం పళ్లెమంత ఉంటుంది. కిందటి ఆగస్టులో జిల్లా పూలపోటీలో దానికి కప్పు వచ్చింది. కప్పు తెచ్చి బల్ల మీద పెడితే ఫెన్నా చుట్టూ తిరిగి చూసి, "ఇంతకంటే అధ్వానంగా ఉండొచ్చు," అంది. మా వైపు అంతకు మించిన మెచ్చుకోలు లేదు. రూల్ఫ్ వారం రోజులు ఈల వేస్తూ తిరిగాడు.

ఇప్పుడు ఆమె ఆ ఎర్రదాని దుంపనే తెచ్చి, వంటింట్లో ఆయన కప్పు పక్కన పెట్టింది.

"కాఫీ ఉందా?" అంది.

ఆయన పోశాడు. స్థిరమైన ఆ చెయ్యి కాఫీని సాసరులోకి కాస్త ఒలికించింది.

"తొంభై ఏడు చలికాలం," అన్నాడు దుంపతో మాట్లాడుతున్నట్టు. "కాలవలన్నీ గడ్డకట్టాయి. నేల కింద కూడా మంచు పట్టింది. మా అమ్మ ఇచ్చిన దుంపలు ఒక్క రాత్రిలో సగం పోయాయి. మిగతావాటిని కాపాడుకోవాలిగా. అప్పుడు నీళ్లు డెబ్బై డిగ్రీలు. ఐదు పోతే ఎవడికి తెలుస్తుంది?"

"ఎవరికీ తెలియలేదు," అంది ఫెన్నా.

"వీప్కె వచ్చిన రోజు రాత్రి నాకు అనుమానం వచ్చింది."

నాకు ఒళ్లు మండింది. నోరు తెరవబోయాను. బల్ల కింద ఫెన్నా బురద చెయ్యి నా మోకాలి మీద పడి, గట్టిగా అదిమింది.

"గొట్టాలు కప్పేస్తే కింద మళ్లీ మంచు పడుతుంది," అన్నాడు ఆయన.

"పడుతుంది," అంది ఆమె. బిస్కెట్టు తీసుకుని కొరికింది. బిడ్డ మాట ఎత్తలేదు, నా మాట ఎత్తలేదు. నెలలో ఎన్ని రోజులు మిగిలాయో చెప్పలేదు. కాఫీ తాగేసి, కప్పు కడిగి, తన పాత కత్తెర వెతకడానికి లేచి వెళ్లింది.

మర్నాడు పొద్దున నేను తలుపు తీసేసరికి హాల్లో ఎనిమిది ఖాళీ బీరు పెట్టెలు కడిగి బోర్లించి ఉన్నాయి. దుంపలు అత్తామామల పడకగదిలో, మంచం కింద ఉన్నాయి. ఆ గదిలో రేడియేటరు ఎప్పుడూ తిప్పరు, కిటికీ రెక్క ఒకటి ఏడాది పొడుగునా తీసే ఉంటుంది. ఒక్కో దుంపకీ పేపరు చుట్టి, ఆ పైన రూల్ఫ్ తన ఉన్ని స్వెట్టర్లు కప్పాడు. ఆయన మాత్రం పల్చటి చొక్కాతో కూర్చుని రొట్టె తింటున్నాడు.

"చలి వెయ్యడం లేదా?" అన్నాను. అంతకంటే మంచి మాట ఆ పూట నా నోట రాలేదు.

"నీ పెట్టె బాగా పనిచేస్తోందిగా," అన్నాడు.

పని మొదలైంది. గొట్టాలకి తొడిగే నల్ల ఫోమ్ తొడుగులు దుకాణంలో కట్టలు కట్టలుగా దొరుకుతాయి. నిలువునా చీలిక ఉంటుంది, గొట్టం మీదికి నొక్కితే కూర్చుంటుంది. తిన్నగా ఉన్నచోట ఎవరైనా వేస్తారు. ఫెన్నా గొప్పతనం మలుపుల దగ్గర చూశాను.

"మలుపు దగ్గర అందరూ తొడుగుని వంచి తోసేస్తారు," అంది హాల్లో నేల మీద పాత పేపర్లు పరుచుకుంటూ. "వంచితే బయటివైపు సాగి పల్చబడుతుంది, లోపల ముడత పడుతుంది. ముడత ఉన్నచోట గాలి దూరుతుంది. చొక్కా చేతికి మోచెయ్యి కుట్టడం రానివాడే అలా వంచుతాడు."

పేపరు మీద మలుపు కొలత గీసింది. ఒక్కో మలుపుకి తొడుగుని ఏటవాలుగా నాలుగు ముక్కలు కోసింది. వాటిని అతికిస్తే గొట్టం ఎలా తిరిగితే తొడుగూ అలా తిరిగింది. అతుకు మీద వేలు పెట్టి రాస్తే తెలియలేదు. నీళ్లు ఆపే కుళాయి మూతలున్న చోట తెరచాప గుడ్డతో చిన్న కోట్లు కుట్టి, లోపల ఉన్ని దట్టించి, తాళ్లు పెట్టింది. రేపు ఎవరైనా ఆ మూత తిప్పాలంటే తాళ్లు విప్పి, తిప్పి, మళ్లీ కట్టేయొచ్చు. గొట్టాన్ని పట్టుకున్న ఇనప పట్టీల మీద కూడా గుడ్డ వేసింది.

"అది చిటికెడు జాగాయే కదా?" అన్నాను.

"తెరచాపంతా కుట్టి చిటికెడు వదిలేస్తే పడవ వాడు తిరిగొచ్చి నన్నే తిడతాడు."

రోజూ పది గంటల కాఫీ తరవాత దిగేది. మధ్యాహ్నం సూపు వేళకి పైకి వచ్చేది. నేను పీట మీద కూర్చుని, వరస నంబర్లు రాసిన ముక్కల్ని ఒక్కొక్కటీ అందించేదాన్ని. మొదటి రోజు హాలు కింద అయిపోయింది. రెండో రోజు ముందువాటాకీ వెనకవాటాకీ మధ్య ఉన్న పునాది గోడ వచ్చింది. ఆ గోడకి ఒక కంత ఉంది. గొట్టాలు అందులోంచే పోతాయి.

"నేను దిగుతాను," అన్నాడు రూల్ఫ్, తలుపు దగ్గర నిలబడి.

"ఆ కంతలో నీ భుజాలు పట్టవు. తొంభై ఏడులో పట్టేవి," అంది కింద నుంచి. "టేపు అందించు."

అందించాడు. ఆ తరవాత అక్కడినుంచి కదల్లేదు.

మూడో రోజు వాన. మా నేల బంకమన్ను. వాన పడితే నీళ్లు కిందికి ఇంకవు, కింద ఉన్నవే పైకి వస్తాయి. ఇవాళ వద్దన్నాను. రేపటికి నీళ్లు ఇంకా పెరుగుతాయంది, దిగింది. కంత దాటి అవతలికి పాకింది. దీపం వెలుతురు కూడా కనపడలేదు. ముక్క నంబరు అడిగే గొంతు కోసం చెవులు రిక్కించాను. రాలేదు.

"ఫెన్నా?"

నీళ్ల చప్పుడు తప్ప ఏమీ లేదు.

"ఫెన్నా, పలుకు."

రూల్ఫ్ నన్ను పక్కకి జరిపి మోకాళ్ల మీద కూలబడ్డాడు. నేలతలుపులో తల పెట్టి ఆమె పేరు పిలిచాడు. నేను ఆ ఇంట్లో ఆరేళ్లుగా ఉన్నాను. ఆయన ఆమెని పేరు పెట్టి పిలవడం అదే మొదటిసారి వినడం. ఎప్పుడూ "ఏయ్" అనో, "కాఫీ" అనో అంటాడు. రెండోసారి ఇంకా గట్టిగా పిలిచాడు. కాళ్లు లోపలికి దింపేశాడు.

అప్పుడు కింద ఏదో గొణుగుడు, ఆ వెంటనే విసుగ్గా గొంతు.

"నోట్లో నాలుగు టేపు ముక్కలుంటే ఎలా పలుకుతాను? పదిహేడో నంబరు ఇవ్వండి. ఎవరి కాళ్లవి, దీపానికి అడ్డం?"

రూల్ఫ్ కాళ్లు పైకి లాక్కున్నాడు. పదిహేడో నంబరు ముక్క తీసి, చెయ్యి ఎంత పొడుగుంటే అంత లోపలికి చాపి అందించాడు. ఆ రోజునుంచి ముక్కలు అందించే పని ఆయనదైంది. నా పీట నాకు దక్కలేదు.

పదిహేనో తారీఖున ఆఖరి ముక్క పడింది. ఫెన్నా మళ్లీ మాంసం థర్మామీటరు, ఉన్ని దారం తీసింది. వెనక ముప్పై ఎనిమిది. ముందు ముప్పై ఏడు. సాయంత్రానికి గది పద్దెనిమిదికి వచ్చింది. మర్నాటికి పంతొమ్మిదిన్నర. పాత గోడలు వెచ్చబడటానికి వాటి తీరుబడి వాటికుంటుందని ఫెన్నా అంది. పద్దెనిమిదో తారీఖున పిల్లి పట్టా మీదినుంచి లేచి, మా అందరి వంకా మోసం చేశారన్నట్టు చూసి, ఇల్లంతా తిరిగి, ముందుగది రేడియేటరు కిందికి చేరింది. నాకు ఆ క్షణాన వీప్కె థర్మామీటరు అక్కర్లేకపోయింది.

అయినా ఇరవయ్యో తారీఖున ఆమె వచ్చి దాన్ని కిటికీ గట్టు మీద పెట్టింది. కాఫీ తాగింది. బిస్కెట్టు తింది. చూసింది.

"ఇరవై ఒకటి," అంది. థర్మామీటరుని వేలితో తట్టి మళ్లీ చూసింది. తరవాత వంగి మంచం కిందికి చూసింది. మంచం ఎత్తు పెంచడానికి నాలుగు కోళ్ల కిందా రెండేసి బీరు పెట్టెలు.

"ఇవి ప్రతి రెండో ఇంట్లో చూస్తాను. కానీ వీటికి మట్టివాసన వస్తోందేం?"

"డేలియాలు," అన్నాడు రూల్ఫ్ గుమ్మంలోంచి.

హార్మ్ ఇరవై రెండున ఇంటికొచ్చాడు. ఇరవై నాలుగున పది గంటల కాఫీ వేళ నాకు నొప్పులు మొదలయ్యాయి. మూడు గంటల కాఫీ లోపల కూతురు పుట్టింది. బయట తూర్పుగాలి కిటికీ అద్దాల్ని కొడుతూనే ఉంది. వీప్కె ఒక్కసారి కూడా థర్మామీటరు వైపు చూడలేదు. బిడ్డ ఒళ్లు తుడిచి, ఒట్టి గుడ్డతో నా గుండెల మీద పడుకోబెట్టింది. దుప్పటి కోసం తొందరపడలేదు.

ఫెన్నా గుండ్రటి రస్కుల మీద వెన్న రాసి, ఆడపిల్ల పుడితే పంచే, సోంపు మీద గులాబీరంగు చక్కెర పూసిన గుళికలు చల్లి పట్టుకొచ్చింది. అందరికీ ఇచ్చింది. ఒక రస్కు మిగిలింది.

"ఈ మనిషి ఏడీ?" అంది.

రూల్ఫ్ లేడు. హార్మ్ వెళ్లి చూసి వచ్చి, హాల్లో నేలతలుపు తీసి ఉందనీ, లోపల టార్చి వెలుగుతోందనీ చెప్పాడు. ఫెన్నా వెళ్లలేదు. కుర్చీలో కూర్చుని తన రస్కు తినడం మొదలుపెట్టింది.

అరగంటకి వచ్చాడు. మోచేతుల దాకా బురద. భుజం దగ్గర చొక్కా చిరిగి, చర్మం కొట్టుకుపోయి ఉంది. ఆ కంతలో ఎలా పట్టాడో నాకు ఇప్పటికీ తెలియదు. చేతులు కడుక్కుని వచ్చి, మనవరాలి వంక చాలాసేపు చూశాడు. తరవాత ఫెన్నా ఎదురుగా నిలబడ్డాడు.

"మలుపులు చూశావా?" అంది ఆమె, తలెత్తకుండా.

"చూశా."

"కుళాయి మూతలు?"

"తాళ్లు విప్పి, మళ్లీ కట్టా."

"మరి?"

ముప్పై ఒక్క ఏళ్లు గొట్టాలు అతికిన మనిషి గొంతు సవరించుకున్నాడు.

"ఇంతకంటే అధ్వానంగా ఉండొచ్చు," అన్నాడు.

ఫెన్నా కిటికీ వైపు తిరిగింది. అక్కడ చూడటానికి తడిసిన పొలం తప్ప ఏమీ లేదు. రస్కు ఆమె చేతిలోనే ఉండిపోయింది. చక్కెర గుళికలు ఒక్కొక్కటే నేల మీదికి దొర్లుతుంటే పిల్లి వాటి వెంట పడింది.

మే నెలలో రూల్ఫ్ దుంపల్ని మంచం కిందినుంచి తీసి పెరట్లో పరిచాడు. చాలావరకు బాగానే ఉన్నాయి. ఎర్రది వడిలిపోయి, నొక్కితే పొడి రాలింది. ఆయన దాన్ని ఎరువుగుంటలో వేసి రావడం వంటింటి కిటికీలోంచి చూశాను. లోపలికి వచ్చాక ఏమైందని అడిగితే, ఏం లేదన్నాడు.

ఆగస్టులో డేలియాలు పూశాయి. పసుపువీ తెల్లవీ ఊదావీ వరసగా. ఆ వరసలో ఎర్రది ఉండే నాలుగో చోటు ఖాళీగా ఉంది. అక్కడ ఇంకో దుంప నాటవచ్చు, నాటలేదు. తోటలో ఎండ ఎక్కువసేపు నిలిచే చోటు అదేనని చెప్పి, రూల్ఫ్ పిల్ల పడుకున్న బుట్టని రెండు చేతులా మోసుకొచ్చి అక్కడ దించాడు.